విభక్తి యెక్కడికి పోయినది? సంబంధ సర్వనామమును గూర్చి ఆవపల్లి సరిహద్దున ఒక విచారణ

ఒక మనిషి పుట్టినాడు. ఒక ఊరు ఉన్నది. ఈ రెండు విషయములను ఒక్క పదబంధముగా ముడివేయవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క భాష ఒక్కొక్క రీతిని అవలంబించును. ఇంగ్లీషు ‘ది విలేజ్ ఇన్ విచ్ హి వాజ్ బార్న్’ అనును. హిందీ ‘జిస్ గాఁవ్ మేఁ వహ్ పైదా హుఆ, వహ్ గాఁవ్’ అనును. తెలుగు ‘అతడు పుట్టిన ఊరు’ అని మూడు మాటలతో ముగించును. మూడింటి తాత్పర్యము ఒక్కటే. కాని ఇంగ్లీషులో ‘ఇన్’ అను మాటయు, హిందీలో ‘మేఁ’ అను మాటయు కంటికి కనబడుచున్నవి. తెలుగులో ‘లో’ అను ప్రత్యయము కనబడదు. అది ఎక్కడికి పోయినది? పోయినను అర్థము చెడకుండ ఎట్లు నిలిచినది? ఈ ప్రశ్న వ్యాకరణ పండితులకు మాత్రమే చెందినది కాదు. ఇతర భాషల నుండి అనువదించు ప్రతి తెలుగు రచయితకును, ఇంగ్లీషు చదివి తెలుగులో వ్రాయు ప్రతివారికిని ఇది దినదినము ఎదురగుచునే యున్నది.

ఈ మూడు వాక్యరీతులును ఒక్కచోట కలిసికొను ప్రదేశములు కొన్ని కలవు. బస్తరు ప్రాంతపు దక్షిణ భాగముననున్న ఆవపల్లి అట్టి వానిలో ఒకటి. పూర్వపు బస్తరు సంస్థానము 1948లో విలీనమైనది. ఆ పేరుతోనే ఏర్పడిన పెద్ద జిల్లా 1998లో విభజింపబడినది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము అవతరించినది. 2007లో బీజాపూరు ప్రత్యేక జిల్లా అయినది. ఆ జిల్లాలోని ఉసూరు బ్లాకులో, బీజాపూరు నుండి బాసగూడకు పోవు దారిలో ఆవపల్లి యున్నది. ఉసూరు బ్లాకునకు దక్షిణమున హద్దు తెలంగాణము. ఊరి పేరులోని ‘పల్లి’ అను మాటకు తెలుగువానికి అర్థము చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతమున గోండి మాటలాడువారు, దోర్లీ మాటలాడు దోర్లలు, తెలుగు తెలిసినవారు కలసి నివసించుచున్నారు. దోర్లీ కోయభాషకు సన్నిహితమైనది. తెలుగు ప్రభావము దానిపై అధికము. పాఠశాలకును, కచేరికిని భాష హిందీ. పై చదువులకు పోయిన కొలది ఇంగ్లీషు వచ్చి చేరును.

అనగా అక్కడి విద్యార్థి ఇంటివద్ద ద్రావిడ వాక్యమును, బడిలో హిందీ వాక్యమును, పుస్తకములో ఇంగ్లీషు వాక్యమును కలిసికొనుచున్నాడు. సంబంధ సర్వనామమును గూర్చిన విచారణకు ఇంతకంటె తగిన తావు వేరొకటి దొరకుట కష్టము. తెలుగు వాక్యము ఎక్కడ ఆగునో, హిందీ వాక్యము ఎక్కడ మొదలగునో అచ్చట పటము చూడకయే తెలిసికొనవచ్చును.

మొదట ఇంగ్లీషు రీతిని పరిశీలింతము. ఆ భాషలో విశేష్యము ముందు వచ్చును. దానిని వివరించు ఉపవాక్యము వెనుక వచ్చును. ఉపవాక్యమునకు తలుపువంటిది సంబంధ సర్వనామము: ‘హూ’, ‘హూమ్’, ‘విచ్’, ‘హూజ్’, ‘దట్’ అనునవి. విశేష్యము ఉపవాక్యములో కర్తయో కర్మమో అయినచో సర్వనామమొక్కటి చాలును. అట్లు గాక అది ఆధారమో, కరణమో, సహాయమో, కారణమో అయినచో ఆ సంబంధమును తెలుపు ప్రిపొజిషన్ అవసరమగును. ఆ ప్రిపొజిషన్ సర్వనామమునకు ముందు నిలుచును: ‘ఇన్ విచ్’, ‘విత్ విచ్’, ‘ఫ్రమ్ విచ్’, ‘టు హూమ్’, ‘ఎబౌట్ హూమ్’. మన విభక్తి ప్రత్యయము పదము వెనుక చేరును. వారి ప్రిపొజిషన్ పదమునకు ముందు నడచును. భేదము అంతమాత్రమే అయినచో చిక్కు లేదు.

ఈ స్థానమున కొన్ని నియమములు కలవు. ప్రిపొజిషన్ తరువాత ‘హూ’ అను రూపము శిష్టరచనలో నిలువదు. ‘హూమ్’ అని మారవలెను. వస్తువులకును జంతువులకును ‘విచ్’ వచ్చును. ‘దట్’ అను సర్వనామము ప్రిపొజిషన్ వెనుక ఎన్నడును రాదు; ‘ది హౌస్ ఇన్ దట్ హి లివ్డ్’ అనుట తప్పు. సర్వనామమును పూర్తిగా వదలివేయు అలవాటు ఇంగ్లీషులో ఉన్నది గాని, ప్రిపొజిషన్ ముందున్నప్పుడు ఆ స్వేచ్ఛ లేదు. ‘దట్’ వాడదలచినను, సర్వనామమును వదలదలచినను ప్రిపొజిషన్‌ను వాక్యము చివరనే విడువవలెను: ‘ది హౌస్ దట్ హి లివ్డ్ ఇన్’, ‘ది హౌస్ హి లివ్డ్ ఇన్’. ‘హూజ్’ అను షష్ఠీరూపమునకు మాత్రము అడ్డు లేదు. ‘ఇన్ హూజ్ హౌస్’ అని నిరభ్యంతరముగా అనవచ్చును.

ఈ రెండు దారులును ప్రతిచోట సమానముగా తెరచియుండవు. ‘లుక్ ఆఫ్టర్’ అనగా సంరక్షించుట. ఇందలి ‘ఆఫ్టర్’ క్రియతో పెనవేసికొని యున్నది గనుక దానిని విడదీసి ముందుకు తెచ్చినచో అర్థము చెడును. ‘ది చైల్డ్ హూమ్ షి లుక్డ్ ఆఫ్టర్’ అనియే చెప్పవలెను. ‘డ్యూరింగ్’ అను మాట ఇందుకు విపరీతము. అది వాక్యము చివర ఒంటరిగా నిలువజాలదు. ‘డ్యూరింగ్ విచ్’ అనియే రావలెను. ఒక్కొక్కప్పుడు సర్వనామముతోపాటు పెద్ద పదసముదాయమే ముందునకు కదలును. ‘ది రివర్ ఆన్ ది బ్యాంక్స్ ఆఫ్ విచ్ ది విలేజ్ స్టాండ్స్’ అనునప్పుడు ఒడ్డును తెలుపు మాటలన్నియు సర్వనామమును వెంబడించి వచ్చినవి. 1967లో జాన్ రాబర్ట్ రాస్ అను భాషావేత్త తన సిద్ధాంత వ్యాసములో ఈ కదలికకు ‘పైడ్ పైపింగ్’ అని పేరు పెట్టినాడు. హామెలిన్ పట్టణపు కథలో వేణువు ఊదువాని వెంట ఎలుకలు నడచినట్లు, సర్వనామము వెంట ప్రిపొజిషన్ నడచునని ఆ పేరులోని భావము.

ఈ రెండు దారులలో ఏది ప్రాచీనము? సర్వనామమునకు ముందు ప్రిపొజిషన్ నిలుపుటయే శుద్ధమైన ఇంగ్లీషనియు, చివర విడుచుట పామరుల అలవాటనియు పెక్కుమంది తలచుచుందురు. చరిత్ర అట్లు చెప్పదు. ప్రాచీన ఆంగ్లములో రూపభేదము లేని ఒక సంబంధావ్యయము ఉండెడిది. దానితో కూడిన వాక్యములందు ప్రిపొజిషన్ ముందుకు రాక క్రియవద్దనే నిలిచెడిది. ప్రశ్నార్థక సర్వనామములైన ‘విచ్’, ‘హూమ్’ అనునవి సంబంధార్థమున వ్యాప్తి పొందుట మధ్యకాలపు ఆంగ్లమున జరిగినది. అందును ప్రిపొజిషన్‌తో కూడిన స్థానములందు అవి ముందుగా పాదుకొనినవి. వాక్యాంతమున ప్రిపొజిషన్ ఉండుట దోషమను భావము అటు తరువాత పుట్టినది.

ఆ భావమునకు ప్రచారము కలిగించినవాడు కవియు విమర్శకుడును అగు జాన్ డ్రైడెన్. 1672లో ఆయన బెన్ జాన్సన్ రచనయందు వాక్యాంతమున ప్రిపొజిషన్ నిలిచియుండుటను తప్పుపట్టి, తన రచనలలోను ఆ దోషము కలదని ఒప్పుకొనెను. 1668లో వెలువడిన తన నాటక కవిత్వ వ్యాసమును 1684లో పునర్ముద్రించినప్పుడు అట్టి వాక్యములను సవరించెను. లాటిను భాషలో అట్టి నిర్మాణము లేకుండుట ఆయన అభిరుచికి మూలమని పండితులు భావింతురు. తరువాత 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణములో ఈ విషయమును మరింత సమతూకముతో చెప్పెను: చివర విడుచుట సంభాషణకును సామాన్య రచనకును సహజము; సర్వనామమునకు ముందు నిలుపుట గంభీర రచనకు శోభ. నేటికిని ఇంగ్లీషు రచయితలకు ఇదియే మార్గము. కనుక ‘ఇన్ విచ్’ అనునది కేవలము వ్యాకరణ నియమము కాదు. అది శైలికిని గుర్తు. ఈ మాట అనువాదకుడు మరువరాదు. ‘ది హౌస్ హి లివ్డ్ ఇన్’ అను వాక్యమునకును, ‘ది హౌస్ ఇన్ విచ్ హి లివ్డ్’ అను వాక్యమునకును తెలుగులో ‘అతడు నివసించిన ఇల్లు’ అనియే చెప్పవలసియుండును. గాంభీర్యమును, చనవును వేరు మాటల వలన తేవలెను.

ఇప్పుడు మన వైపునకు రావలెను. సంస్కృతమున సంబంధ సర్వనామమునకు విభక్తి రూపములు పూర్తిగా కలవు. యః, యేన, యస్మై, యస్మిన్ అని నడచును. అక్కడ విభక్తి సర్వనామము కడుపులోనే యున్నది. హిందీలో అది సర్వనామము వెనుక నిలుచును. జిస్ సే, జిస్ మేఁ, జిస్ కో. ఇంగ్లీషులో ముందు నిలుచును. ముందో, వెనుకో, లోపలనో, మూడు భాషలందును అది ఉన్నది. తెలుగు ధాతుజ విశేషణముతో ముడివేసిన పదబంధమున మాత్రము లేదు. 1856లో కాల్డ్వెల్ వెలువరించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము ఈ విషయమును ప్రధాన లక్షణముగా గుర్తించినది: ఈ భాషలకు సంబంధ సర్వనామము సహజము కాదు, క్రియనుండి పుట్టిన విశేషణమే ఆ పనిని చేయును. మన వ్యాకరణములు దానిని ధాతుజ విశేషణమనియు, క్రియాజన్య విశేషణమనియు వ్యవహరించినవి.

వంటింటి నుండి ఒక ఉదాహరణము చాలును. ‘కూరలు తరిగిన అమ్మాయి’, ‘అమ్మాయి తరిగిన కూరలు’, ‘అమ్మాయి కూరలు తరిగిన కత్తిపీట’, ‘అమ్మాయి కూరలు తరిగిన వంటిల్లు’, ‘అమ్మాయి కూరలు తరిగిన పూట’. ఈ అయిదింటను ‘తరిగిన’ అను రూపము మారలేదు. ఇంగ్లీషులో మొదటిదానికి ‘హూ’, రెండవదానికి ‘విచ్’, మూడవదానికి ‘విత్ విచ్’, నాలుగవదానికి ‘ఇన్ విచ్’, అయిదవదానికి ‘వెన్’ కావలసివచ్చును. తెలుగువాడు వీనిలో ఒక్కటియు చెప్పడు. వినువాడు ఒక్కటియు అడుగడు.

వినువాడు అడుగకపోవుటకు కారణము కలదు. ప్రతి క్రియకును కొన్ని ఆకాంక్షలుండును. తరుగుటకు తరుగువారు కావలెను, తరగబడునది కావలెను. ‘అమ్మాయి కూరలు తరిగిన’ అనగానే ఆ రెండు ఆకాంక్షలును తీరినవి. ఇక మిగిలిన విశేష్యము కర్తయు కాదు, కర్మమును కాదు. అది కత్తిపీట అయినచో సాధనము, వంటిల్లు అయినచో చోటు, పూట అయినచో కాలము. ఖాళీగా ఉన్న స్థానమేదో వాక్యమే చూపును. ఆ స్థానమున ఏ సంబంధము ఇముడునో వస్తుస్వభావము చూపును. విభక్తి ఎక్కడికిని పోలేదు. అది క్రియ యొక్క ఆకాంక్షలోను, వినువాని లోకజ్ఞానములోను దాగియున్నది. తెలుగు వాక్యపు క్లుప్తతకు ఇదియే మూలధనము.

మూలధనమునకు హద్దు కూడ ఉండును. స్థానములు పూర్తిగా నిండనప్పుడు సందేహము పుట్టును. ‘చంపిన పులి’ అన్నప్పుడు పులి చంపినదా, పులిని చంపినారా? ‘పిలిచిన పెద్దమనిషి’ అన్నప్పుడు ఆయన పిలిచెనా, ఆయనను పిలిచిరా? దీనికి ‘చంపబడిన పులి’ అను కర్మణి రూపము మందు కాదు. ‘మేకను చంపిన పులి’ అనియో, ‘వేటగాడు చంపిన పులి’ అనియో ఖాళీలలో ఒకదానిని నింపినచో రెండవది తనంతట తానే తేలును. చేర్చవలసినది ఒక్క నామము మాత్రమే.

అసలైన చిక్కులు ఇంగ్లీషులో ప్రిపొజిషన్ భారము వహించు స్థానములందు వచ్చును. మొదట ‘తో’ అను సంబంధమును చూడవలెను. ‘కూరలు తరిగిన కత్తిపీట’ అనునప్పుడు కత్తిపీటతో తరుగుట అని బోధపడుచున్నది. కాని ‘నేను సంతకు వెళ్లిన మిత్రుడు’ అని ఎవరును అనరు. ప్రత్యయము ఒక్కటే అయినను కరణార్థమున అది దాగగలదు, సహార్థమున దాగజాలదు. అయినను ‘నేను మాట్లాడిన ఆఫీసరు’, ‘వాడు పోట్లాడిన పొరుగువాడు’ అనునవి చక్కని తెలుగే. ఈ తారతమ్యము క్రియలో ఉన్నది. మాటలాడుటకు ఎదుటివాడు కావలెను. పోట్లాడుటకు ఎదిరి కావలెను. క్రియ తానే కోరిన ‘తో’ కనబడకున్నను తెలియును. సంతకు పోవుటకు తోడు అక్కరలేదు. కనుక ఆ తోడు పైనుండి వచ్చి చేరినది. దానిని దాచినచో దొరకదు. అట్టిచోట తెలుగువాడు వాక్యమును త్రిప్పును: ‘నాతో సంతకు వచ్చిన మిత్రుడు’. ‘విత్ హూమ్’ అనుదానికి సరియైన తెలుగు పెక్కుచోట్ల ఇదియే. తోడు వెళ్లినవానిని కర్తగా చేసినచో విభక్తితో పనియే ఉండదు.

‘నుండి’ అను సంబంధము రెండవది. ‘అతడు వచ్చిన ఊరు’ అన్నప్పుడు చేరిన ఊరో, విడిచిన ఊరో తెలియదు. క్రియను మార్చినచో తేలును: ‘అతడు బయలుదేరిన ఊరు’, ‘అతడు చేరిన ఊరు’. ‘గురించి’ అను సంబంధము మూడవది. ‘వారు మాట్లాడిన విషయం’ స్పష్టము. ‘వారు మాట్లాడిన మనిషి’ అన్నచో ఆ మనిషితో మాటలాడినట్లే తోచును. ‘వారు ప్రస్తావించిన మనిషి’ అన్నచో ఆయనను గూర్చి మాటలాడినారని నిస్సందేహముగా తెలియును. ప్రస్తావించుట నేరుగా కర్మమును గ్రహించును గనుక ‘ఎబౌట్ హూమ్’ లోని ‘ఎబౌట్’ క్రియలోనే కరగిపోయినది. ‘కొరకు’ అను సంబంధము నాలుగవది. ‘ఆమె అన్నం వండిన పిల్లలు’ అనరాదు. ‘ఆమె వండిన అన్నం తిన్న పిల్లలు’ అనవచ్చును.

చోటును తెలుపు మాటలలో మరియొక సూక్ష్మము కలదు. ఇంగ్లీషు ‘అండర్ విచ్’, ‘బిహైండ్ విచ్’, ‘ఎబవ్ విచ్’ అని దిక్కును విడివిడిగా చెప్పును. ‘పిల్లి దాక్కున్న మంచం’ అన్నప్పుడు దాగుట యనగనే మంచము క్రిందనేమో యని ఊహింతుము. ‘మేము కూర్చున్న చెట్టు’ అన్నప్పుడు చెట్టెక్కి కూర్చున్నారో, క్రింద కూర్చున్నారో తెలియదు. తెలుగు దీనికి సర్వనామమును వెదకదు. నామమును వెదకును: ‘మేము కూర్చున్న చెట్టు నీడ’, ‘వాడు నక్కిన గోడ చాటు’, ‘ఆమె బిందె దించిన చెరువు గట్టు’. నీడ, చాటు, గట్టు, మొదలు, అంచు, ఒడ్డు అనునవి మనకు ప్రిపొజిషన్లు చేయు పనిని చేయుచున్నవి. దక్షిణ బస్తరులో సంతలు, ఇప్పచెట్ల నీడలు, ఏటి ఒడ్లు జీవితములో భాగములు. ‘ది మహువా ట్రీ అండర్ విచ్ ది మార్కెట్ ఈజ్ హెల్డ్’ అను వాక్యమును అనువదించువాడు ‘ఏ ఇప్పచెట్టు కిందనైతే సంత జరుగుతుందో ఆ ఇప్పచెట్టు’ అని ఎత్తుకొన్నచో చెట్టు నీడ కంటె వాక్యము నీడ పెద్దదగును. ‘సంత జరిగే ఇప్పచెట్టు నీడ’ అన్నచో చాలును.

షష్ఠీ సంబంధములో తెలుగు ధైర్యము చూడదగినది. ‘కాలు విరిగిన ఎద్దు’, ‘కొడుకు పట్నం వెళ్లిన తల్లి’, ‘ఇల్లు కాలిన రైతు’ అని అతి సహజముగా చెప్పుదుము. ఇంగ్లీషులో వీనికన్నిటికి ‘హూజ్’ తప్పదు. అయితే ఈ సౌకర్యము ఉపవాక్యములోని కర్తకు చెందినవారికి మాత్రమే. ‘నేను ఇల్లు చూసిన మనిషి’ అన్నచో వాక్యము కుంటుపడును. ‘నేను చూసిన ఇంటి యజమాని’ అన్నచో కుదురును. తారతమ్యమును తెలుపు ‘కంటె’ మాత్రము ఎక్కడను దాగదు. 1977లో ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అను పండితులు ప్రపంచ భాషలను పరిశీలించి, సంబంధవాక్యము కట్టుటకు అనువైన స్థానములను ఒక నిచ్చెనగా అమర్చినారు. కర్త మొదటి మెట్టు. తరువాత కర్మము, సంప్రదానము, ఇతర విభక్తులు, షష్ఠి. తారతమ్యపు స్థానము చిట్టచివరిది. పెక్కు భాషలు చివరి మెట్టు దిగకముందే ఆగిపోవును. తెలుగు అక్కడ ఆగినచో అది లోపము కాదు. ‘దానిని మించిన కొండ ఆ చుట్టుపట్ల లేదు’ అని వేరొక వాక్యము చెప్పుటయే మర్యాద.

ఇంతమాత్రమున తెలుగునకు సర్వనామముతో కూడిన సంబంధవాక్యము లేదని భావింపరాదు. ‘ఏ ఊరిలో చెరువు నిండుతుందో ఆ ఊరిలో కరువు ఉండదు’, ‘ఎవరు నాటుతారో వారే కోస్తారు’ అనునవి మన వాక్యములే. ఇందు సర్వనామము ప్రశ్నార్థకము; క్రియ చివరనున్న ‘ఓ’ కారము దానిని ప్రశ్న కాకుండ ఆపుచున్నది; ‘ఆ’, ‘వారు’ అనునవి ముడిని బిగించుచున్నవి. విభక్తి తన చోట ప్రకాశముగా నిలిచియున్నది: ఊరిలో, ఎవరితో, దేనివలన. పోతన గజేంద్రమోక్షములో గజరాజు పరమేశ్వరుని తలచుకొను ప్రసిద్ధ పద్యమున ఈ సర్వనామమే వేరువేరు విభక్తులతో వరుసగా వచ్చి, చివర ఒక్క శరణువద్ద ముగియును. అక్కడ ధాతుజ విశేషణము చాలదు. ఎందుకనగా పిలువబడుచున్నవానికి పేరు లేదు, రూపు లేదు. అతనికిని జగత్తునకును ఉన్న సంబంధములే అతని గుర్తులు. సంబంధములనే చెప్పవలసి వచ్చినప్పుడు విభక్తిని దాచరాదు.

ఈ వాక్యమునకు తగిన తావు దీనినిబట్టి తేలుచున్నది. విశేష్యము ఎవరో, ఏదో ముందుగా తెలియనప్పుడు, మాట అందరికి వర్తింపవలసినప్పుడు, శాసనములందు, నీతివాక్యములందు, ప్రతిజ్ఞలందు ‘ఏ... ఓ... ఆ...’ అను రీతి గంభీరముగా నిలుచును. ఒక నిర్దిష్టమైన ఊరును, మనిషిని, వస్తువును చూపునప్పుడు ధాతుజ విశేషణమే అందము. ఈ భేదమును పాటింపక ప్రతి ‘విచ్’ కును ‘ఏదైతే’ అనియు, ప్రతి ‘హూ’ కును ‘ఎవరైతే’ అనియు పెట్టుట నేటి అనువాదములందు వ్యాపించిన జాడ్యము. ‘ఏదైతే బస్సు బీజాపూరు వెళుతుందో ఆ బస్సు’ అనువాడు ‘బీజాపూరు బస్సు’ అను మాటను ఎరుగనివాడు కాడు. తాను చదివిన వాక్యపు అచ్చులో తన వాక్యమును పోయుచున్నాడు, అంతే.

మరియొక భేదమును గూడ గుర్తింపవలెను. ఇంగ్లీషు సంబంధవాక్యములు రెండు విధములు. ఒకటి విశేష్యమును గుర్తించుటకు వచ్చును. మరియొకటి తెలిసిన విశేష్యమును గూర్చి అదనపు సమాచారము చెప్పుటకు వచ్చును. రెండవదానికి ముందు వారు కామా పెట్టుదురు. తాలిపేరు అను ఏరును గూర్చి ‘ది తాలిపేరు, ఆన్ ది బ్యాంక్ ఆఫ్ విచ్ బాసగూడ స్టాండ్స్, జాయిన్స్ ది గోదావరి’ అని ఇంగ్లీషువాడు వ్రాయవచ్చును. దీనిని ‘ఒడ్డున బాసగూడ ఉన్న తాలిపేరు గోదావరిలో కలుస్తుంది’ అన్నచో తాలిపేర్లు రెండున్నవేమో యను భ్రమ కలుగును. ‘తాలిపేరు ఒడ్డున బాసగూడ ఉంది. ఆ ఏరు గోదావరిలో కలుస్తుంది’ అని రెండు వాక్యములు చేసినచో భ్రమ లేదు, బరువు లేదు. ‘మెనీ ఆఫ్ హూమ్’, ‘సమ్ ఆఫ్ విచ్’ అను బంధములకును ఇదియే మార్గము. ‘సంతకు ఊళ్లవాళ్లు వచ్చారు, వాళ్లలో చాలమంది నడిచి వచ్చినవాళ్లే’ అనవలెను. వాక్యమును విరుచుట అనువాదకుని అశక్తత కాదు. అది తెలుగు పద్ధతి.

ఇప్పుడు మరల ఆవపల్లి వైపు చూడవలెను. గ్రియర్సన్ భాషా పరిశీలనలో 1906లో వెలువడిన నాలుగవ సంపుటము ముండా, ద్రావిడ భాషలకు కేటాయింపబడినది. స్టెన్ కోనో దానిని సిద్ధపరచెను. గోండి, కోయ మొదలగువానిని తెలుగుతో చేర్చి చూచుటకు అట్టి గ్రంథములు దారి తీసినవి. 1956లో ఎమెనో భారతదేశమును ఒక భాషాక్షేత్రముగా వర్ణించెను. వేరువేరు కుటుంబములకు చెందిన భాషలు చిరకాలము ఇరుగుపొరుగున మెలగినచో వాక్యనిర్మాణములను సైతము ఇచ్చిపుచ్చుకొనునని చూపెను. మాట అరువు తెచ్చుకొనుట చిన్న విషయము. వాక్యమును అరువు తెచ్చుకొనుట పెద్ద విషయము. బలూచీ పొరుగున మిగిలిన ద్రావిడభాష బ్రాహుయీ ‘కి’ అను సంబంధావ్యయమును ఇరుగువారి నుండి గ్రహించినది. ఆ దారిని పోవుటకు శతాబ్దములు పట్టినవి. కాని బడియు, ముద్రణమును, రేడియోయు, దూరవాణియు ఉన్న కాలమున అంత కాలము పట్టదు.

దోర్లీ పలుకు ఇంటినుండి బడికి వచ్చిన బాలునికి ‘జిస్ మేఁ’ అను మాట కేవలము కొత్త పదము కాదు. అది కొత్త ఆలోచనాక్రమము. ఇంటిభాషలో వివరణము ముందు, వస్తువు వెనుక. పుస్తకములో ఆ క్రమము తారుమారైనది; ఇంట దాగియున్న విభక్తి ఇచ్చట బయటకు వచ్చినది. ఆ తరువాత వచ్చు ఇంగ్లీషులో విభక్తి సర్వనామమునకు ముందుకు దుమికినది. ‘విచ్’ అనగా ‘జో’, ‘ఇన్’ అనగా ‘మేఁ’ అని ఒక్కొక్క మాటకు ఒక్కొక్క మాట చెప్పినచో బాలునికి రెండు పరభాషల నడుమ తన భాష కనబడకుండ పోవును. అంతకంటె ‘నీవు పుట్టిన ఊరు’ అను భావమును అతని నోటనే చెప్పించి, అందు దాగిన ‘లో’ ను వెలికి తీయించి, ‘ఊరిలో పుట్టినావు’ అని విప్పించి, ఆ ‘లో’ హిందీలో ఎక్కడ నిలుచునో, ఇంగ్లీషులో ఎక్కడ నిలుచునో చూపుట సులభము. దాగిన విభక్తిని గుర్తించినవాడు బయటనున్న విభక్తికి భయపడడు. సరిహద్దు గ్రామములలోనే గాక హైదరాబాదులోను, విజయవాడలోను ఇంగ్లీషు నేర్పువారికిని ఇది ఉపకరించును. విద్యార్థులు ‘ది విలేజ్ విచ్ హి వాజ్ బార్న్’ అని ప్రిపొజిషన్ వదలి వ్రాయుటకు కారణము వారి అశ్రద్ధ కాదు. ‘పుట్టిన ఊరు’ లో వారి చెవికి ఆ ప్రత్యయము ఎన్నడును వినబడలేదు.

రచయితల బాధ్యత దీనికి మారుపక్షమున నున్నది. విద్యార్థి దాగిన విభక్తిని వెలికి తీయవలెను. అనువాదకుడు వెలికి వచ్చిన విభక్తిని మరల దాచవలెను. దాచుటకు ముందు అతడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. క్రియ ఆ సంబంధమును తానే కోరుచున్నదా? కోరినచో ధాతుజ విశేషణము చాలును. కోరనిచో కర్తను మార్చి వాక్యమును త్రిప్పవచ్చునా? సంబంధమును లోపల ఇముడ్చుకొన్న వేరొక క్రియ కలదా? నీడ, గట్టు, చాటు వంటి నామము ఆ పని చేయగలదా? అది గుర్తించుటకు వచ్చిన వాక్యమా, అదనపు సమాచారమా? అదనపు సమాచారమైనచో రెండు వాక్యములు చేయవలెను. ఇవన్నియు విఫలమైనప్పుడును, లేక విశేష్యము పేరులేనిదై సంబంధమే ప్రధానమైనప్పుడును ‘ఏ... ఓ... ఆ...’ అను రీతిని పిలువవలెను. పిలిచినప్పుడు అది తన గాంభీర్యముతో వచ్చును. పిలువకయే ప్రతి పంక్తిలోను వచ్చినచో దానికి గాంభీర్యము మిగులదు.

భాషకు హాని పరభాషా పదములవలన కలుగుట అరుదు. రైలు, కలము అను భేదము లేకుండ తెలుగు అన్నిటిని తనవి చేసికొన్నది. హాని కలిగినచో అది వాక్యపు ఎముకలు మారినప్పుడు కలుగును. ఎముకలు మారినట్లు పాఠకునికి వెంటనే తెలియదు. చదువుచు చదువుచు అలసట మాత్రము తోచును. ఆవపల్లి వంటి ఊళ్లలో ఆ ఎముకలు రెండు విధములుగా పక్కపక్కనే కనబడుచున్నవి గనుక భేదము స్పష్టము. నగరములో కూర్చుండి వ్రాయు తెలుగు రచయితకు ఆ సరిహద్దు తన కాగితము మీదనే, ఇంగ్లీషు పుస్తకమునకును తన కలమునకును నడుమ ఉన్నది. ‘పుట్టిన ఊరు’ అను రెండు మాటలు ఆ సరిహద్దును క్షేమముగా దాటగలిగినచో తెలుగు వాక్యము దాటినట్లే.